బ్యాలే మాస్టారు లక్ష్మీపతి

లక్ష్మీపతి అమెరికాలోని బెంటన్‌విల్‌లో పద్నాలుగేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టర్. డ్యాన్సుకీ అతనికీ ఆమడ దూరం. సొంత తమ్ముడి పెళ్లి బరాత్‌లో కూడా అందరి సెల్‌ఫోన్లూ పట్టుకుని ఓ పక్కన నిలబడ్డ మనిషి. అలాంటివాడికి ఆ ఆదివారం మధ్యాహ్నం లైబ్రరీ హాల్లో ఉత్తమ సహాయ నటుడి అవార్డు వచ్చింది, అదీ బ్యాలే మాస్టారి వేషానికి!

సినిమా తీసింది అతని కూతురు దియ. యూనివర్సిటీలో ఫిల్మ్ కోర్సు చదువుతోంది. గురువు మెప్పు కోసం నిద్రాహారాలు మానేసి, ఏది నిజమో ఏది భ్రమో తెలియని స్థితికి చేరిన ఒక బ్యాలే డ్యాన్సర్ కథ అది. గురువు వేషం వేయాల్సిన ప్రొఫెసర్ షూటింగ్ రోజునే జ్వరమని రాలేదు.

"నాన్నా, ప్లీజ్! జస్ట్ మూడే డైలాగ్స్" అని దియ బతిమాలింది.

ప్రొఫెసర్ కోసం కొన్న నల్లబూట్లు లక్ష్మీపతికి రెండు సైజులు చిన్నవి. కెమెరా ముందు నిలబడగానే మూడు డైలాగులూ ఎగిరిపోయాయి. కాలివేళ్లు నలిగిపోతుంటే పళ్లు బిగబట్టి, హీరోయిన్ వైపు రెప్పవేయకుండా చూస్తూ ఉండిపోయాడు. నిజానికి అతను చూసింది ఆమె వెనకాల ఉన్న కుర్చీని.

ఊళ్లో జరిగే చిన్న ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఆ సినిమాకు ఐదు నామినేషన్లు వచ్చాయి. దర్శకత్వం అవార్డు తనదేనని దియ ఆశపడింది. అది పడవల మీద సినిమా తీసిన ఒక పెద్దాయనకు పోయింది. కెమెరా, సంగీతం, కథ కూడా చేజారాయి. ఆఖరున లక్ష్మీపతి పేరు పిలిచారు.

"ఏమండీ, మిమ్మల్నే!" అని భార్య చంద్రిక మోచేత్తో పొడిచింది.

"ఆ చూపులో ఎంత క్రూరత్వం! ఆ మౌనంలో ఎంత అధికారం!" అంటూ జ్యూరీ అధ్యక్షురాలు అతని చేతిలో గాజుబొమ్మ పెట్టింది.

మైకు ముందు నుంచి చూస్తే, రెండో వరసలో దియ చప్పట్లు కొడుతోంది గానీ కళ్లు నిండి ఉన్నాయి. లక్ష్మీపతికి మనసు చివుక్కుమంది.

"నాకు యాక్టింగ్ రాదండీ" అన్నాడు తన ఇంగ్లీషులో. "ఆరోజు బూట్లు కరుస్తున్నాయి, డైలాగులు మర్చిపోయాను. మా అమ్మాయి ఆ ముఖాన్ని ఎక్కడ కత్తిరించి ఎక్కడ అతికించిందో గానీ, సినిమా చూస్తే నన్ను చూసి నాకే భయమేసింది. ఈ అవార్డు తనది."

హాలంతా గొల్లున నవ్వింది. ఆ తర్వాత ఒక్కొక్కరే లేచి నిలబడి, దియ వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. దియ ఏడుస్తూనే నవ్వేసింది. అధ్యక్షురాలు వేదిక దిగి వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

"ఎడిటింగ్ నువ్వేనా? నీ తర్వాతి స్క్రిప్ట్ నాకు పంపు" అంది.

ఇంటికి వెళ్తుంటే దియ వెనక సీట్లోంచి ముందుకు వంగింది.

"థాంక్స్ నాన్నా. నెక్స్ట్ ఫిల్మ్‌లో ఒక తాత రోల్ ఉంది. కానీ నువ్వు ఆడిషన్ ఇవ్వాలి."

"అవార్డ్ విన్నర్‌ని పట్టుకుని ఆడిషనా?"

"అందరికీ సేమ్ రూల్."

"అయినా తాత వేషమేంటే? నెలనెలా జుట్టుకి రంగేసే మనిషికి!" అంది చంద్రిక.

లక్ష్మీపతి మూతి ముడుచుకుని సిగ్నల్ దగ్గర కారు ఆపాడు. పచ్చలైటు పడింది. వెనకవాళ్లు హారన్ కొట్టారు.

"ఎన్నింటికి రావాలి?" అన్నాడు.