వేలెడు ముక్క

…మొండిది, అబ్బ ఎంత మొండిది, కత్తి పెట్టి గీకినా రాతిని వదలదు, వదిలిన చోటే మళ్ళీ కొత్త చిగురు, ఎర్రగా, నిగనిగలాడుతూ, తిట్టబోయిన నోటితోనే ఎంత బావుందే ఈ నాచు అనేశాను, పక్కరాయి మీంచి అత్త విననే వింది, బాగుంటాదేటి నీ తలకాయి, దీని కిందనున్న ఆలిచిప్పలన్నీ ఊపిరాడక సచ్చిపోతన్నాయి సూడు అంది, నిజమే, నా మొగుడు విక్టర్ గుజరాతు వైపు వీరావళి బోటెక్కి పోయాక ఈ చిప్పలే మా అత్తాకోడళ్ళ కూడు, ఇవి చస్తే మా పొయ్యి ఆరినట్టే, అయినా కళ్ళు ఊరుకోవు, ఎండ తగిలితే లోపల దీపం పెట్టినట్టుంటుంది, ఎక్కడి సముద్రానిదో ఏమో, తిత్లీ తుపానుకు మా పడవలు చీలిపోయాయి, ఇంటి కప్పు లేచిపోయింది, కంపెనీవాళ్ళు దీన్ని పెంచిన వెదురు తెప్పలు పుల్లలు పుల్లలయ్యాయి, వాళ్ళు మళ్ళీ ముఖం చూపించలేదు, ఇది మాత్రం కొట్టుకొచ్చి దర్జాగా రాయెక్కి కూచుంది, నేను నౌపడ నుంచి కోడలిగా వచ్చి ఈ రాళ్ళ మీద జారకుండా నిలబడడానికి ఏడాది పట్టింది, దీనికి నెల పట్టలేదు, గొప్పదానివే తల్లీ, నీకో దండం, కానీ మా కూటి మీదే పడాలా, గీకిందాన్ని గీకినట్టు సముద్రంలోకి విసిరేస్తున్నాం, ఎక్కడిదక్కడికి పోనీ అని అత్త మాట, తీరా చూస్తే అటుపక్క రాళ్ళు కూడా ఎర్రబడ్డాయి, పాస్టరుగారిని పిలిచి ప్రార్థన సేయించాలే రూబీ అంటోంది.

ఇదిగో, అత్త చేతిలో ఇంకో ముక్క, వేలెడంత, రెండు కొమ్మలున్నది, సరిగ్గా ఇంతే ముక్కను నేనెక్కడో చూశాను, చూడడమేమిటి, ఈ చేత్తోనే కట్టాను, కంపెనీ తెప్పల పనికి వెళ్ళిన రోజుల్లో, గుత్తిని ఇంతింత ముక్కలుగా తుంచి తాడుకు కట్టడమే మా పని, మొక్కంటున్నారు, వేర్లేవీ అంటే మేస్త్రి సూరయ్య నవ్వాడు, దీనికి ఏరూ నేదు ఇత్తూ నేదు, తుంచిన ముక్కే ఇత్తనం, నీళ్ళల్లో ఉంటే సాలు ఒడినిండా వస్తాది అన్నాడు, ఒడినిండా, దేవుడా, అత్తా ఇసరకు, ఇసరకు, అని అరిచాను, అత్త చెయ్యి గాల్లోనే ఆగింది, ఏటే, ఏటైనాది అంది, బుట్టలో ఎయ్యి, గట్టు మీద ఎండబెట్టేద్దాం, నీళ్ళల్లో మాత్రం ఎయ్యకు అన్నాను, నవ్వొస్తోంది, ఏడుపూ వస్తోంది, ఎంత గడుసుదే ఇది, మా కత్తులతోనే బతికింది, తుపాను దీన్ని ఒక్క రాయి మీదే వదిలి పోయింది, మిగతా రాళ్ళన్నిటికీ నాటింది మేమిద్దరమే.