గెంతించి చూడండి

వంటింటి తూములో చెయ్యి పెట్టి కాఫీ పిప్పి తీస్తున్నాను. నల్లగా, జిగటగా, వేళ్ళకు అంటుకుని వదలదు. నా మేనల్లుడి కంట్లో జరుగుతున్నదీ ఇదే. పిగ్మెంటరీ గ్లకోమా అంటారని గ్రంథాలయం పుస్తకంలో చదివాను. కంటిపాప చుట్టూ ఉండే రంగు తెర వెనక్కి వంగి, కటకాన్ని పట్టి ఉంచే దారాలకు రాసుకుంటుంది. రంగు పొడిగా రాలి, కంటి నీరు బయటికిపోయే జల్లెడలో ఇరుక్కుంటుంది. నీరు నిలిచి, ఒత్తిడి పెరిగి, చూపు నరం చచ్చిపోతుంది. రెప్ప కొట్టినప్పుడల్లా ముందుకు తోసుకెళ్ళిన నీరే తెరను వెనక్కి నొక్కుతుందని ఒక ఊహ అట. మన కంటి రంగే మన కంటికి మురికి! రోత.

తల్లీతండ్రీ పోయాక వాణ్ణి నేనే పెంచాను. సోడాబుడ్డి కళ్ళద్దాలు పెట్టుకుని జిమ్‌లో తాడు తిప్పుతూ గెంతే ఆట నేర్పుతాడు. క్లాసు అయ్యాక దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తాయని నాతోనే అన్నాడు. గెంతితే పొడి ఎక్కువ రాలుతుందని వాడికీ తెలుసు. అందుకే కంటి పరీక్షకు ముందు సెలవు పెట్టి మంచమెక్కుతాడు. ఒత్తిడి మామూలుగా వస్తుంది. "చూశావా అత్తా, నిక్షేపంలా ఉన్నాను" అని పళ్ళికిలిస్తాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఈసారి వెంట వెళ్ళాను. డాక్టరమ్మ కన్ను పరీక్షించి, "ఒత్తిడి బాగానే ఉంది" అంది.

"వీడు నిన్నంతా మంచం దిగలేదమ్మా. గెంతించి చూడండి" అన్నాను.

"అత్తా! నీకెందుకు?"

"నాకు కాక ఎవరికిరా? గుడ్డివాడివైతే చెయ్యి పట్టుకుని నడిపించేది నీ తాడా?"

డాక్టరమ్మ ముఖం గంటు పెట్టుకుంది. "మా దగ్గరా దొంగాటలు? వరండాలో అరగంట గెంతి రండి."

చొక్కా తడిసి వీపుకు అంటుకునేలా, బుసలు కొడుతూ గెంతాడు. బెంచీ మీద ముసలాయన, "కంటికి ఇదేం వైద్యమమ్మా?" అని నవ్వాడు. మళ్ళీ చూస్తే ఒత్తిడి బాగా పెరిగింది. ఒక కంటి నరం అప్పటికే కొంత దెబ్బతింది. రోజూ కంట్లో చుక్కలు వేసుకోవాలి, తాడు పక్కన పెట్టాలి అని డాక్టరమ్మ చెప్పింది.

చుక్కల సీసా వాడి జేబులో నేనే పెట్టాను.

గేటు దగ్గర, "నా బతుకుదెరువు పోగొట్టావు. ఇక నీ ముఖం చూడను" అన్నాడు.

"చూడకు. చూపుండి మానెయ్, అది చాలు."

వెళ్ళొస్తానని అనకుండా వెళ్ళిపోయాడు. వాళ్ళ నాన్న, అంటే నా తమ్ముడూ, ఇలాగే అనకుండా వెళ్ళాడు. తిరిగి రాలేదు.

సీసా మురిక్కాలవలో విసిరేస్తాడేమోనని మలుపు దాకా చూస్తూ నిలబడ్డాను. విసరలేదు. జేబు మీద అరచెయ్యి అదిమిపెట్టుకుని నడిచాడు.

ఇంటికొచ్చి తూము మళ్ళీ కడిగాను. వేళ్ళ నుంచి ఆ జిగట వదలడం లేదు.