అన్నం తిన్న నేల

నేను ఒక గరిటెను. పప్పుగిన్నెలో వేసే ఇంటి గరిటెను కాదు, మనిషి నిలబడి రెండు చేతులతో తిప్పే పొడుగు కాడ గరిటెను. ప్రస్తుతం ఆఫ్రికాలో ఒక గోతిలో నడుము దాకా మట్టిలో కూరుకుపోయి ఉన్నాను. గరిటెకు నడుమేమిటని నవ్వకండి. ఇన్నేళ్లు మనుషుల చేతుల్లో నలిగినదాన్ని, ఆ మాత్రం భాష నాకూ అంటుకుంటుంది.

నేను పుట్టింది పాలకొండలో, ఇనుప గేట్లు చేసే ఒక వెల్డింగు షాపులో. ఒక గేటు పూర్తిచేసి ఇంకో గేటు మొదలుపెట్టే మధ్యలో, స్టీలు గిన్నెకు ఇనప కాడ తగిలించి, రెండు రివిట్లు కొట్టి నన్ను అవతల పడేశాడు షాపు యజమాని. చేయించుకున్నది పెళ్లివంటల సింహాద్రి. ఆయన కొడుకు గురుగుబెల్లి తవిటయ్య నా కాడ పట్టుకునే వంట నేర్చుకున్నాడు. సైన్యంలో వంటవాడి ఉద్యోగం వచ్చినప్పుడు తన నల్ల ట్రంకులో బట్టల మీద నన్ను పడుకోబెట్టాడు.

"పట్టాలంలో గెరిటిల్లేవేట్రా?" అన్నాడు సింహాద్రి.

"ఉంతాయి నాన్నా. నా సేతికి అలవాటైంది ఇదొక్కటే" అన్నాడు తవిటయ్య.

సైన్యంలో చెంచా దగ్గర్నుంచి ట్యాంకు దాకా ప్రతిదానికీ ఒక నంబరు ఉంటుంది. నాకు లేదు. సర్కారు దృష్టిలో నేను లేనేలేను. అందుకు నాకేమీ బాధ కలగలేదు. నంబరున్న వాటి గతి ఏమిటో తరవాత చూశాను.

మన దేశంలో నాలుగైదు చోట్ల వండాక మా దళాన్ని ఆఫ్రికాకు పంపారు. అక్కడ ఒకే దేశంలోని రెండు తెగలు కొట్టుకుంటున్నాయి. మధ్యలో శాంతిదళం నీలం టోపీలు పెట్టుకుని నిలబడటం మా వాళ్ల పని. నిలబడటమే పని. కొట్టకూడదు, కొట్టేవాణ్ణి గట్టిగా ఆపనూ కూడదు. తెల్ల బళ్లెక్కి వెళ్తారు, తగలబడిన ఊరు చూస్తారు, ఫొటోలు తీసుకుని భోజనం వేళకు తిరిగొస్తారు. వచ్చినవాళ్ల పళ్లాల్లో వడ్డించేదాన్ని నేనే కనుక ఎవరు ఏ రోజు ఏం చూశారో నాకు తెలిసిపోయేది. తగలబడిన ఊరు చూసొచ్చిన రోజు వాళ్లు మారు అడిగేవారు కాదు.

మిగతా రోజులన్నీ ఒకలాగే ఉండేవి. ఎర్రదుమ్ములో పొద్దున్నే పరుగు, చిరిగిన ఇసుక బస్తాలు తీసి కొత్తవి పేర్చడం, కంటైనర్ గదుల్లో ఉడికిపోవడం, సాయంత్రం వాలీబాల్. ఫోను సిగ్నల్ నీళ్ల ట్యాంకు మెట్ల మీదే దొరికేది. అక్కడ మెట్టుకొకడు నిలబడి, పెళ్లాలతో ఒకరి మాట ఒకరికి వినబడేలా గుసగుసలాడేవారు. ఆదివారం మలేరియా మాత్ర. అది మింగి నోరు తెరిచి చూపిస్తేనే తవిటయ్య నన్ను గంగాళంలో ముంచేవాడు.

తిండి డబ్బాల్లో వచ్చేది. డబ్బా బఠాణీ, డబ్బా పాలకూర, బంగాళాదుంప. ఎప్పుడూ అవసరానికి మించే వచ్చేది. మిగిలినది ఏం చెయ్యాలో పైనుంచి ఆజ్ఞ ఉంది: వెనక కంచె దగ్గర గొయ్యి తీసి అందులో పోసి, బ్లీచింగ్ పొడి చల్లి, మట్టి కప్పాలి. ఎవరికీ పెట్టకూడదు. పెడితే కంచె దగ్గర జనం గుమిగూడతారు. భోజనశాల గోడ మీద ఇంకో ఆజ్ఞ ఉండేది: తిండి గానీ డబ్బు గానీ ఇచ్చి స్థానిక స్త్రీల దగ్గర ఏమీ తీసుకోరాదు. అది రాసినవాళ్లు చెడ్డవాళ్లు కారు. ఇలాంటి దళాల్లో కొందరు బియ్యం చూపించి ఆడవాళ్లను ఏం చేశారో తెలిసే రాశారు.

ఆ కంచెకు అవతల, ఊళ్లు తగలబడి వచ్చినవాళ్ల గుడారాలు ఉండేవి. గోతిలో అన్నం పోస్తుంటే వాళ్లు చూసేవారు. తిట్టేవారు కాదు, అడిగేవారు కాదు. చూసేవారు. తవిటయ్య వాళ్లకు వీపు పెట్టి నాతో అన్నం గోతిలోకి తోసేవాడు. అప్పుడు అతని చెయ్యి పెళ్లిపందిట్లో ఉన్న చెయ్యిలా ఉండేది కాదు.

ఒక మధ్యాహ్నం, కంచె అవతల ఒకామె తలమీద ఆకుల మోపుతో వెళ్తోంది. ఎర్రటి కాడలు, చీలికలు చీలికలుగా ఆకులు. తవిటయ్య నన్ను వదిలేసి కంచె దాకా పరిగెత్తాడు.

"ఓలమ్మో! గోగాకు!"

ఆమె భయపడి ఆగింది. అతను తీగల సందులోంచి చెయ్యి పెట్టి ఒక్క ఆకు అడిగాడు. నోట్లో వేసుకుని నమిలి, కళ్లు గట్టిగా మూసి తెరిచాడు. ఆమెకు నవ్వొచ్చింది. "కర్కదే" అని తన భాషలో పేరు చెప్పింది. తన గుండె మీద చెయ్యి పెట్టుకుని "ఆచోల్" అంది. తవిటయ్య గోతిలో పోయవలసిన అన్నం, పప్పు ఆమె నూనె డబ్బాలోకి నాతోనే పోశాడు. ఆమె సగం మోపు తీగల మీదుగా ఇవతల వేసింది. ఎవరు ఎవరికి ఉపకారం చేశారో నాకు ఈనాటికీ తేలలేదు.

ఆ సాయంత్రం పప్పు పొంగుతుంటే గుమ్మంలోకి హవల్దార్ ఏసురత్నం ముక్కెగరేసుకుంటూ వచ్చాడు. ఆయనది గుంటూరు దగ్గర పల్లె. రేషను లెక్కలన్నీ ఆయన చేతిలోనే ఉండేవి.

"ఏందిరా తవిటా ఈ వాసన? నా ముక్కుకేమన్నా జబ్బు చేసిందా?"

"ముక్కు బాగానే ఉన్నాది హవల్దారు గోరూ. పల్లెం సాపండి."

"మీ సిక్కోలోళ్లకి గోంగూర చెయ్యడం వచ్చంట్రా?"

"తినీసి సెప్పండి. మీరైతే మిరక్కాయలేసి ఆకుని సంపీసేవోలు."

ఏసురత్నం మొదటి ముద్దకే మాట మానేశాడు. మూడోసారి పళ్లెం చాపినప్పుడు గొంతు తగ్గించి అడిగాడు. "ఎక్కడిదిరా?"

"ఎనక కంచి కాడ ఆచోలని ఒకావిడ తెచ్చినాది. పాతీసే అన్నం ఆవిడకి పోసినాను."

ఏసురత్నం గోడ మీది ఆజ్ఞ వైపు చూశాడు, పళ్లెం వైపు చూశాడు. "ఒరే, నువ్వేం చెప్పలా, నేనేం ఇనలా. ఇంకో గరిటె ఎయ్యి."

ఇద్దరూ నవ్వుకున్నారు. నేనూ నవ్వుకున్నాను.

వానలున్నన్ని రోజులూ ఆచోల్ ఆకు తెచ్చింది. తవిటయ్య ట్యాంకు మెట్ల మీద నిలబడి పెళ్లాం మాలచ్చికి ఆ సంగతే చెప్పేవాడు. పట్టాలం విందు, బడాఖానా వచ్చింది. అంటే ఆ రోజు అధికారులే గరిటె పట్టి జవాన్లకు వడ్డించాలి. మేజరుగారు నన్ను పట్టుకుని పుల్లటి పప్పు వరసగా వడ్డించారు. "ఈ ఆకేదో అద్భుతంగా ఉంది, రోజూ వండు" అని తవిటయ్య వీపు తట్టారు. ఎక్కడిదని అడగలేదు. అధికారులు అడగకూడనివి అడగరు. అది వాళ్ల చదువులో భాగం.

కొన్నాళ్లకు పై కార్యాలయం నుంచి తనిఖీ వాళ్లొచ్చారు. వాళ్లలో ఒకరు వెనక కంచె దగ్గర ఫొటో తీశారు. ఇటు జవాను, అటు ఆడమనిషి, మధ్యలో అన్నం. ఆ ఫొటోలో ఆకుల మోపు పడలేదు.

విచారణ భోజనశాలలోనే జరిపారు, ఫ్యాన్లు తిరిగేది అక్కడే కనుక. నేను మేకుకు వేలాడుతూ అంతా విన్నాను. బయటినుంచి వచ్చిన కర్నల్ అడిగారు:

"ఏం ఇచ్చావు?"

"అన్నం సాబ్. పాతిపెట్టేదే."

"బదులు ఏం తీసుకున్నావు?"

"ఆకు సాబ్."

పక్కనున్న అధికారి నవ్వు ఆపుకోలేక దగ్గాడు. "ఆకా? గడ్డీగాదం కోసం ఉద్యోగం పోగొట్టుకునే మనిషి ఉంటాడా? నిజం చెప్పు. ఆమె నీకేం ఇచ్చింది?"

తవిటయ్యకు అప్పుడు అర్థమైంది. "మా వాళ్లు ఆ ఆకు కోసం ఎంత దూరమైనా పోతారు సాబ్. మేజర్‌సాబ్ కూడా వడ్డించారు. హవల్దార్ సాబ్‌ను అడగండి. ఆయనకు తెలుసు" అన్నాడు వచ్చీరాని హిందీలో.

మేజరుగారికి బడాఖానాలో ఏం వడ్డించారో గుర్తులేదు. ఏసురత్నాన్ని పిలిచారు. ఆయన ఒక్క మాట అంటే చాలు. రేషను లెక్కలో లేని కూర తన కళ్లముందే ఉడికిందని ఒప్పుకుంటే తనకు మందలింపు వస్తుంది. తవిటయ్య మీద పడ్డ మచ్చ మాత్రం పోతుంది.

"ఆ పప్పులో వేసిందేమిటి?"

ఏసురత్నం ఎదురుగోడ వైపు చూస్తూ నిలబడ్డాడు.

"పాలకూర సాబ్. డబ్బాల్లో వచ్చేదే."

గుంటూరు జిల్లా మనిషి. మూడుసార్లు పళ్లెం చాపిన మనిషి. గోంగూరను పాలకూర అన్నాడు.

ఆచోల్‌ను పిలిచి అడుగుదామని ఎవరికీ తోచలేదు. ఆమె అప్పుడు అక్కడికి పిలిస్తే పలికేంత దూరంలోనే ఉంది.

స్త్రీ విషయం రుజువు కాలేదని, అంతమాత్రాన వదిలెయ్యలేమని తీర్పు చెప్పారు. గడువుకు ముందే తవిటయ్యను దేశానికి వెనక్కి పంపారు. రావలసిన నాయక్ హోదా ఆగింది. వంటశాలలోకి అడుగుపెట్టనివ్వలేదు. పక్కన ఇద్దరు జవాన్లు నిలబడగా గుమ్మం బయట ట్రంకు సర్దుకుంటుంటే ఏసురత్నం వచ్చాడు.

"తవిటా... నాకు పెన్షను దగ్గర పడిందిరా. పిల్ల పెళ్లి..."

"మా ఇంటిదానికి గోగాకు సంగతి ముందే తెలుసు. అది నమ్ముద్ది. ఊరు నమ్మదు. ఊరికి ఏటి సెప్పమంతారు హవల్దారు గోరూ? పాలకూర కోసం ఎల్లగొట్టీసినారని సెప్పనా?"

తవిటయ్య గుమ్మంలోంచి నా వైపు చూసి, "నా గెరిటి ఇప్పించండి" అన్నాడు. అది వంటశాల సామాను, లెక్క చూడందే ఇవ్వడం కుదరదన్నారు జవాన్లు. ఏ లెక్కలోనూ లేని నేను లెక్క కోసం ఆగిపోయాను.

మర్నాడు ఆచోల్ మోపుతో వచ్చింది. పహరా జవాను తుపాకి మడమతో తీగల మీద కొట్టాడు. ఆమె ఆకులు అక్కడే కింద పెట్టి, డబ్బా తీసుకుని వెళ్లిపోయింది. ఆకులు ఎండకు వాడిపోయాయి. ఆ తరవాత కంచెను ఇంకాస్త ముందుకు జరిపారు.

కొత్త వంటవాడు డబ్బా పాలకూరే వండాడు. ఏసురత్నం రోజూ వరసలో వచ్చేవాడు, నా వైపు చూడకుండా పళ్లెం చాపేవాడు. ఒక్కసారే వడ్డించుకునేవాడు. దళం తిరిగి వెళ్లేముందు కవాతులో నిలబెట్టి ఆయన ఛాతీకి పతకం తగిలించారు. శాంతి కాపాడినందుకు.

కొన్నాళ్లకు స్థావరాన్నే మూసేశారు. నంబరున్న వస్తువుల్ని స్థానికులు ఎత్తుకుపోకుండా లారీలతో తొక్కించారు. మంచాలు, గంగాళాలు, ఫ్యాన్లు అన్నీ నుగ్గునుగ్గయ్యాయి. నంబరు లేని నన్ను ఏం చెయ్యాలో తెలియక ఒకడు వెనక గోతిలోకి విసిరేసి, నాలుగు పారల మట్టి వేసి బండెక్కాడు.

ఇదే ఆ గొయ్యి. తవిటయ్య ఆకు వలిచి పడేసిన కాడలు, కాయలు కూడా ఇందులోనే ఉన్నాయి. మొదటి వానకే మొలకలొచ్చాయి. ఇప్పుడు నా రివిట్ల చుట్టూ గోంగూర వేళ్లు చుట్టుకున్నాయి. పైన ఎర్రకాడలు మనిషెత్తు పెరిగాయి. కంచె లేదు, పహరా లేదు, గోడ మీద ఆజ్ఞ లేదు. గుడారాలు మాత్రం ఉన్నాయి.

ఆచోల్ వస్తుంది. ఆకు కోసుకుంటూ ఒకసారి నా కాడ చివర పట్టుకుని లాగి చూసింది. నేను రాలేదు. మట్టి అంత గట్టిగా పట్టుకుంది.

ఇక్కడ గోంగూర ఇంత ఏపుగా ఎందుకు పెరుగుతోందా అని ఆచోల్‌తో వచ్చే ఆడవాళ్లు ఆశ్చర్యపోతుంటారు. వాళ్ల భాష నాకు వస్తే చెప్పేదాన్ని. ఈ చుట్టుపక్కల ఇంత అన్నం తిన్న నేల ఇంకోటి లేదు. ఇంత అన్నం తిన్న మనిషి కూడా లేడు.