పరుపుల మధ్య తీసిన రికార్డు

వెండెల్ టాలివర్ ఫిలడెల్ఫియా ఉత్తరపు పేటలో సోఫాలు, మంచాలు అమ్మేవాడు. ఈల వేసినా శ్రుతి తప్పేవాడు. అలాంటివాడు నలభై రెండో ఏట జాజ్ రికార్డుల కంపెనీ పెట్టాడు. కారణం ఏమస్ టీగ్ ట్రంపెట్. ఒక క్లబ్బులో అది విని వచ్చి, మూడు రోజులు కొనడానికి వచ్చినవాళ్ళతో కూడా సరిగ్గా మాట్లాడలేదు.

చిక్కల్లా ఒకటే. వెండెల్ భార్య ఎర్నెస్టీన్‌కు ఏమస్ మొదటి మొగుడు.

"ఊళ్ళో ఇంకెవరూ ఊదేవాళ్ళు దొరకలేదా?" అందట ఆమె.

"ఊదేవాళ్ళున్నారు. ఇలా ఊదేవాళ్ళు లేరు."

"ఏడేళ్ళు పక్కగదిలోంచి విన్నదాన్ని. నాకా చెప్తున్నావు?"

ఈ సంగతి ఆమే నాకు చెప్పింది. నేను ఏమస్ బృందంలో బేస్, అదే ఆ నిలువెత్తు తంతివాద్యం, వాయించేవాణ్ణి.

1957 మార్చిలో ఒక ఆదివారం, చర్చి నుంచి అందరూ వచ్చాక, దుకాణంలోనే రికార్డింగు పెట్టుకున్నాం. ప్రతిధ్వని రాకుండా గోడల పొడుగునా పరుపులు నిలబెట్టారు. డ్రమ్ములు రెండు బీరువాల మధ్య ఇరుక్కున్నాయి. సాయంత్రానికల్లా ఐదు పాటలు అయ్యాయి.

"ఇక ఆ నెమ్మది పాట," అన్నాడు వెండెల్. "క్లబ్బులో ఆఖర్న ఊదావే, అది."

"అది వద్దు."

"ఏం?"

"అది మీ ఆవిడ మీద కట్టిందయ్యా."

"తెలుసు. మంచి పాట."

ఏమస్ ట్రంపెట్ ఎత్తాడు. ఊదాడు గానీ, ఎవరో తరుముతున్నట్టు ఊదాడు. నాలుగుసార్లూ అదే వరస. వెండెల్ కోప్పడలేదు. గల్లాపెట్టె దగ్గరికి వెళ్ళి ఇంటికి ఫోను చేశాడు.

ఎర్నెస్టీన్ వేయించిన చేపల గిన్నెతో వచ్చి ఒక ఆకుపచ్చ సోఫాలో కూర్చుంది. ఐదోసారి సగం దాకా విని చెయ్యెత్తింది.

"ఏమస్, ఎక్కడికా పరుగు? ఇప్పుడు నీ వెనక ఎవరూ రావడం లేదు. నేనూ ఎప్పుడో మానుకున్నా."

అతను ఆమెను కాసేపు చూశాడు. తర్వాత పరుపుల వైపు తిరిగి ఊదాడు. క్షమించమన్నట్టు లేదు, బతిమాలినట్టూ లేదు. జరిగింది జరిగినట్టు చెప్పుకున్నట్టుంది. నా వేళ్ళు వాటంతటవే అతని వెనక నడిచాయి.

పాట అయ్యాక వెండెల్ ఒక బీరువాకు అంటించిన ధర చీటీని చాలాసేపు చదివాడు. దాని మీద ఉన్నది రెండంకెలే.

"చేపలు చల్లారిపోతున్నాయి," అంది ఎర్నెస్టీన్.

ఆ రికార్డుతో కంపెనీ నిలబడింది. పదహారేళ్ళలో వెండెల్ ముప్ఫై ఎనిమిది రికార్డులు తీశాడు. వాటిలో ఆరు ఏమస్‌వి. ఆరింటికీ ఇద్దరూ పోట్లాడుకున్నారు, ఎక్కువగా డ్రమ్ములవాడి గురించి.

1969లో ఏమస్ ఊపిరితిత్తులు పాడయ్యాయి. చూసేవాళ్ళెవరూ లేరు. వెండెల్ దుకాణం పైగదిలో మంచం వేయించాడు, అమ్మకానికి పెట్టినవాటిలో మంచిది. ఎర్నెస్టీన్ పగలు సూపు తీసుకెళ్ళేది. సాయంత్రాలు వెండెల్ పైకి వెళ్ళి పోట్లాడి వచ్చేవాడు. ఏమస్ మరుసటి వసంతంలో పోయాడు. శవపేటికకు ముందు కుడివైపు వెండెల్ భుజం పట్టాడు.

ఆ తర్వాత అతను ఇంకో మూడేళ్ళు రికార్డులు తీశాడు. వాటిలో ఒక్కదాంట్లోనూ ట్రంపెట్ లేదు. ఎందుకని మేమెవరమూ అడగలేదు.