మడమరాయి

లక్ష్మీకాంతం పులిహోర కలుపుతోంది. మోచేతుల దాకా పసుపు, నుదుటి నిండా చెమట. అమెరికాలో, షామ్‌బర్గ్ గుడి వంటింట్లో పన్నెండేళ్ళుగా ఇదే పని. ఉప్పెక్కువైందని ఒక్కరూ అన్నది లేదు. మడి మాత్రం మహా పట్టింపు. ఉమ చార్జర్ వెతుక్కుంటూ వచ్చి బియ్యం బస్తాకి కాలు ఆనించిందో లేదో, లక్ష్మీకాంతం గయ్యిమంది.

"కాలు తియ్యమ్మా! అన్నపూర్ణ కాదూ అది? కళ్ళకద్దుకో."

"సారీ ఆంటీ," అంటూ ఉమ గబగబా కళ్ళకద్దుకుంది. పాపం, ఆర్కియాలజీ చదివే పిల్ల. మధ్యాహ్నం హాల్లో తన తవ్వకాల స్లైడ్లు చూపించబోతోంది.

లక్ష్మీకాంతం కాఫీలు పట్టుకెళ్ళేసరికి తెర మీద కృష్ణ ఒడ్డున మట్టిగుట్ట. అయ్యో, తన అత్తగారి ఊరి పాటిదిబ్బ! ఊరంతా పొలాలకి మట్టి తోలుకున్న దిబ్బ, తను పిడకలు ఆరేసిన దిబ్బ.

"ఇది రెండువేల ఏళ్ళ నాటి బౌద్ధ స్తూపం," అంటోంది ఉమ. "ఈ రాతి మీద బుద్ధుడి పాదాలు చెక్కి పూజించేవాళ్ళు. చుట్టూ తామర రేకులు. చూడండి, ఈ మూల ఎవరో పగలగొట్టి తీసుకెళ్ళారు. ఆ పీస్ దొరికితే బావుణ్ణు. ఇక్కడెవరిదైనా ఆ ఊరా?"

లక్ష్మీకాంతం తలవంచుకుని వంటింట్లోకి జారుకుంది. ఆ ఎవరో తనే. కాపురానికొచ్చిన ఏడాది, గరుగ్గా బాగుందని కొట్టి తెచ్చుకుంది. నలభై ఏళ్ళుగా రోజూ స్నానాల గదిలో దానిమీదే మడమలు రుద్దుకుంటోంది. ఇక్కడి రాళ్ళు పనికిరావని సూట్‌కేసులో పెట్టుకుని మరీ తెచ్చింది. ఛీ! బియ్యం బస్తాకే అంత గోల చేసిన మనిషి! సిగ్గుతో చచ్చిపోయింది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కానీ రేపు ఏ మొహంతో దేవుడికి వండాలి?

గుడి వెనక తనుండే గదికెళ్ళి రాయిని తువ్వాల్లో చుట్టి తెచ్చింది. హాలు ఖాళీ అయింది. ఉమ ఒక్కతే వైర్లు చుడుతోంది.

"మాదేనమ్మా ఆ ఊరు. పగలగొట్టింది నేనే. మళ్ళీ అక్కడికి చేర్చు."

తువ్వాలు అంచున ఒక రేకు కనబడగానే ఉమ కళ్ళు చెమర్చాయి. "ఓ మై గాడ్, ఆంటీ! ఇన్నాళ్ళూ పూజలో పెట్టుకున్నారా?"

లక్ష్మీకాంతం తువ్వాలుతో సహా రాయిని ఉమ చేతికిచ్చి బయటికొచ్చింది. మేనేజర్ చక్రపాణిగారి చేతిలో వంటింటి తాళాలు పెట్టి, "నోవైలో మా చెల్లెలి దగ్గరికి పోతున్నానండీ. మడి వంటకి ఇంకెవర్నైనా చూసుకోండి," అంది. ఏమైందండీ అని ఆయన అడుగుతూనే ఉన్నాడు. ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది.

హాల్లో ఉమ తువ్వాలు పూర్తిగా విప్పింది. అంచుల్లో తామర రేకులు, వాటి నడుమ అరిగి అరిగి నున్నబడిన మడమంత గుంట.