కంపాన పట్టిన జాడ

వేట ఉన్న రోజున ఓదిల్ కస్తెరా తెల్లవారకముందే లేచి, నిన్నటి క్యాబేజీ సూపు వేడిచేసుకుని తాగి, వేటకుక్క కంపాన మెడకు తాడు కట్టి అడవికి బయల్దేరేది. అడవిపంది ఏ పొదలో దూరిందో కుక్కతో జాడ తీయించి, అక్కడొక కొమ్మ విరిచి గుర్తు పెట్టి రావడం ఆమె పని. అంతకుముందు అది ఆమె తండ్రి పని. తిరిగొచ్చాక వేటగాళ్ళందరి ముందు టోపీ తీసి చేత పట్టుకుని, ఉన్నది ఉన్నట్టు వేటపెద్దకి చెప్పాలి. ఫ్రాన్సు దక్షిణాన మా గాస్కొనీ వాళ్ళు కోతలు కోయడంలో ఎవరికీ తీసిపోరు గానీ, టోపీ తీశాక మాత్రం కొయ్యరు.

కంపాన అచ్చమైన గాస్కొనీ నీలికుక్క. తెల్లటి ఒంటి నిండా నల్లచుక్కలు కలిసిపోయి, దూరానికి పలక రంగులో కనిపిస్తుంది. కళ్ళ మీద రెండు గోధుమ మచ్చలు, మడతలు పడి వేలాడే చెవులు. నడక చూస్తే పెళ్ళినడక. గొంతు మాత్రం చర్చి గంటే, అందుకే గంట అని అర్థం వచ్చే ఆ పేరు పెట్టారు. ఆ జాతిని ఒకప్పుడు తోడేళ్ళ కోసం పెంచారు. తోడేళ్ళు పోయాక ఆ కుక్కల్ని అడిగే దిక్కు లేకపోయింది. అయినా కంపాన ముక్కుకి ఏ వాసనా పాతబడేది కాదు. నిన్న వెళ్ళిన పందినీ, ముత్తాతల నాడు వెళ్ళిన జింకనీ ఒకే శ్రద్ధతో తరిమేది. ద్రాక్షతోటల్లో ఆడవాళ్ళు దాని అరుపు విని, ఇవాళ యుద్ధానికి ముందు వెళ్ళినదాన్ని దేన్నో పట్టిందని చెప్పుకుని, మళ్ళీ కొమ్మలు కత్తిరించుకునేవారు.

ఆ ఏడు లనూస్ వేటపెద్ద అయ్యాడు. ఎక్కడినుంచో వచ్చి, కొండవాలు మీది భవంతి కొన్నవాడు. ఆయన తెచ్చిన కుక్కలు గాలిలా ఉరికేవి. వాటి పక్కన కంపానను చూస్తే ఆయనకు ఒళ్ళుమండేది. వచ్చే ఆదివారం అది చూపిన జాడ చివర ప్రాణమున్న జంతువు దొరక్కపోతే, ఆ అబద్ధాలకోరు కుక్కని తన చేత్తోనే కాల్చేస్తానన్నాడు. కుక్కలన్నీ వేటసంఘానివి కాబట్టి కాదనే హక్కు ఓదిల్‌కి లేదు.

ఆదివారం కంపాన పట్టింది తోడేలు జాడ. ఓదిల్ మోకాళ్ళ మీద కూర్చుని రాలిన ఆకులు పక్కకు తోసి చూసింది. నేల మీద ఏమీ లేదు. కుక్క మెడ మీద వెంట్రుకలు మాత్రం నిక్కబొడుచుకుని ఉన్నాయి. అలా లేవాలంటే తోడేలే కావాలని తండ్రి చెప్పేవాడు. ఆమె కొమ్మ విరిచింది.

దారిలో రొట్టెలు కాల్చే బెర్త్రాన్ ఎదురై, సంగతి విని నెత్తి కొట్టుకున్నాడు.

"పంది అని చెప్పెయ్యవే. అడవిలో పందులకేం కరువు? తరిమితే ఏదో ఒకటి లేవకపోదు."

"ఇది పంది కాదు బాబాయ్."

"నీ నిజం దాని ప్రాణం తీస్తుంది."

"అది ఇన్నాళ్ళూ ఒక్క అబద్ధం ఆడలేదు. ఇప్పుడు దాని పేరు మీద నేను మొదలుపెట్టనా?"

అందరి ముందూ ఆమె టోపీ తీసి, తోడేలు, ఒంటరి మగది అని చెప్పింది. వేటగాళ్ళు తమ బూట్లు చూసుకున్నారు. ఇక్కడ తోడేలన్నది లేక వందేళ్ళయిందని లనూస్ నవ్వాడు. కుక్కకే కాదు, దాన్ని నడిపేదానికీ మతిపోయిందన్నాడు. తుపాకీ భుజాన వేసుకుని కుక్కల్ని వదలమన్నాడు.

ఆయన కుక్కలు విరిచిన కొమ్మ చుట్టూ తిరిగి, ఏమీ తోచక కూర్చున్నాయి. కంపాన తల వంచి, గొంతెత్తి, తన నడకన తను బయల్దేరింది. వాగు దాటింది, తోటలు దాటింది, కొండవాలెక్కి లనూస్ భవంతి తలుపు తోసుకుని లోపలికి పోయింది. ఆ ఇల్లు లేనప్పుడు తోడేలు వెళ్ళిన దారి అది. వెనకే ఓదిల్, ఆమె వెనక బురదబూట్లతో ఊరంతా, ఖరీదైన తివాచీల మీదుగా వంటింటిదాకా నడిచారు.

పెరటి తలుపుకి ఆనుకుని తోడేలు నిలబడి ఉంది. బూడిద రంగుది, డొక్కలెగరేస్తోంది. దాని ఊపిరికి తలుపు అద్దం మసకబారుతోంది. వంటమనిషి పెయ్రెట్ వేడి బాతుమాంసం మూకుడు దానికి తగలకుండా పక్కకు జరిపింది. కంపాన ఇల్లదిరేలా అరుస్తోంది.

లనూస్ తుపాకీ ఎత్తాడు. గొట్టం ఒకసారి తోడేలు వైపు, ఒకసారి కుక్క వైపు తిరిగింది. ఓదిల్‌కి భయం వేసింది. భయాన్ని మించిన కోపం కూడా వచ్చింది. వెళ్ళి గొట్టానికి ఎదురుగా నిలబడింది.

"దేన్ని కాలుస్తారయ్యా? తోడేలునా? అయితే నా కుక్క నిజం చెప్పినట్టేగా. కుక్కనా? అయితే అక్కడ తోడేలు లేదని ఇంతమందిలో మీ నోటితో అనండి, విందాం."

లనూస్ నోరు తెరిచాడు. తోడేలు ఆయన వైపే చూస్తోంది. ఊరంతా ఆ వంటింట్లో ఇరుక్కుని ఆయన మాట కోసం కాచుకుని ఉంది. ఆయన గొట్టం కిందికి దించాడు.

"మరి ఇప్పుడేం చెయ్యమంటావు?" అని చివరికి చిన్నగా అడిగాడు.

"జాడ ఇక్కడితో ఆగలేదు. అవి రెండూ ఇంకా చాలా దూరం పోవాలి. తలుపు తియ్యండి."

లనూస్ తుపాకీ బల్ల మీద పెట్టి, తోడేలు వీపు మీదుగా చెయ్యి చాచి, గడియ తీశాడు.