బండి మంచిగుంది

వీరబాబుకు బామ్మర్దంటే ప్రాణమని పాల్వంచలో అందరూ అనుకునేవారు. అనుకోరా మరి? రమణకు స్టీరింగు పట్టుకోవడం నేర్పింది వీరబాబే. తన మెకానిక్ షెడ్డులో పని ఇచ్చిందీ, కారు రేసుల్లో తనకు జోడీగా తీసుకుపోయిందీ వీరబాబే. చేసిన ఆ మంచి అంతా ఈ సీజనులో అరక్కుండా అతని కడుపులోనే కూర్చుంది. ఎందుకంటే రమణ ఇప్పుడు తనకన్నా వేగంగా తోలుతున్నాడు.

పోనీ, ఇద్దరికీ రెండు కార్లుంటే ఓడించి కసి తీర్చుకునేవాడు. ఈ దిక్కుమాలిన ఎండ్యూరెన్స్ రేసులో ఆ సుఖం కూడా లేదు. గంటల తరబడి సాగే పందెం. కారు ఒక్కటే, డ్రైవర్లు ఇద్దరు, వంతులవారీగా తోలాలి. వాడు గెలిస్తేనే నువ్వూ గెలుస్తావు. కుళ్లుకునేవాడికి ఇంతకన్నా నరకం ఏముంటుంది?

సీజను చివరి రేసు ఈసారి సొంత గడ్డ మీదే పడింది. భద్రాచలం దారిలో, అడవి అంచున జామాయిల్ తోట కొట్టేసి వేసిన కొత్త ట్రాక్. మొదటి మూడు కార్లలో నిలిస్తే సీజను కప్పు వాళ్లదే. ఆఖరి వంతు, అంటే జెండా ఊపేటప్పుడు కారులో ఉండే భాగ్యం, రమణకు ఇచ్చింది ఎవరో కాదు, కళావతి. వీరబాబు భార్య, రమణకు అక్క, టీముకు మేనేజరు. "వాని టైమింగు మంచిగున్నదయ్యా, నన్నేం జెయ్యమంటవ్?" అంది. పర్ణశాల నుంచి ఆటోల్లో దిగిన అత్తారింటి జనం కంచె పట్టుకుని రమణా, రమణా అని ఒకటే కేకలు. అల్లుడి పేరు ఒక్క నోట వస్తే ఒట్టు.

వీరబాబు తన వంతు కసిగా తోలాడు. నాలుగో స్థానంలో ఉన్న కారును మూడుకు తెచ్చాడు. ఆఖర్లో బ్రేకు తేడా చేసింది. పొడుగు దారి చివర, మలుపు దగ్గర పెడలు మెత్తగా లోపలికి దిగిపోయింది. ముందుగానే రెండుసార్లు తొక్కి చూస్తే పట్టింది. ఆ చిట్కాతోనే మిగతా చుట్లు లాగించి, డ్రైవర్లు మారే పిట్‌లోకి వచ్చాడు.

దిగిన డ్రైవరే ఎక్కేవాడికి బెల్టులు బిగించాలి, బండి ఎలా ఉందో చెప్పాలి. రేసుల్లో అది రివాజు. వీరబాబు వంగి బెల్టు లాగుతుంటే రమణ హెల్మెట్‌లోంచి అరిచాడు.

"బావా, బండెట్లున్నది?"

కంచె దగ్గర మళ్లీ అదే పేరు మోగింది.

"మంచిగుంది, పో" అన్నాడు వీరబాబు.

చావాలని కాదు, అంత దుర్మార్గుడేం కాదు. ఒక్కసారి వాడు మలుపు తప్పి ట్రాక్ పక్కన పోసిన కంకరలో పడాలి, ఆ జనమంతా చూడాలి, అంతే. కప్పు తనకూ పోతుందన్న ధ్యాస కూడా లేదు ఆ మండే కడుపుకు.

మొదటి చుట్టులోనే కారు కంకరలోకి దూసుకుపోయి, దాని అవతల పేర్చిన టైర్ల గోడకు మూరెడు దూరంలోంచి అడ్డదిడ్డంగా బయటపడింది. వెనక కారు ఇంకా దూరంలో ఉండబట్టి స్థానం పోలేదు. కంచె దగ్గర కేకలు ఆగిపోయాయి. కళావతి రేడియో అందుకుంది. "ఏమైందిరా?"

"ఏం లేదక్కా. నాకే చాతనైతలేదు. ఇదే బ్రేకుతోని బావ మూడో ప్లేసుకు ఎట్ల తెచ్చిండో ఏమో. బావ బావనే. ఇంకింత గట్టిగ తొక్కి చూస్త."

ఏ మాట కోసం వీరబాబు సీజనంతా గుటకలు మింగాడో ఆ మాటే చెవిన పడింది. కళావతి తల తిప్పి మొగుడి వైపు మురిపెంగా చూసింది. ఆ చూపు దక్కి ఎన్నాళ్లయిందో. వీరబాబుకు మాత్రం 'ఇంకింత గట్టిగ' అన్న మాటే వినిపించింది. ఈసారి కంకర కాదు, గోడే. ఆమె చేతిలోని రేడియో లాక్కున్నాడు.

"రమణా, మలుపు రాకముందే పెడలు రెండుసార్లు తొక్కు. గప్పుడు బ్రేకు పడ్తది. ఇనబడ్డదా?"

"అవ్ బావా."

బ్రేకు పట్టింది. ఆ చుట్టులో రమణ తీసిన టైము వీరబాబు టైము కన్నా మెరుగు. అంత భయంలోనూ ఆ అంకె చూసి అతనికి చురుక్కుమంది. ఆ బుద్ధిని ఏమనాలి?

కళావతి చూపు మారిపోయింది. "దిగినప్పుడు మంచిగుందన్నవ్ కదా" అంది మెల్లగా. "ఈడ నిలవడ్డోనికి పెడలు సంగతి ఎట్ల దెల్సింది?"

వీరబాబు రేడియో ఆమె చేతిలో పెట్టేసి ట్రాక్ వైపు తిరిగాడు. అదే ఆమెకు జవాబైపోయింది.

"వాడు దిగినంక నీ నోటితోనే జెప్పు" అంది.

మూడో స్థానంలోనే రేసు ముగిసింది. సీజను కప్పు వచ్చింది. రమణ దాన్ని అందుకుని నేరుగా తెచ్చి బావ చేతుల్లో పెట్టి, తన ఊరి జనం వైపు తిరిగాడు. "పిట్టుల నిలవడి బ్రేకు రోగం కనిపెట్టిండు మా బావ! ఆయన లేకుంటే గోడకు అతుక్కపోతుంటి!" మొదటిసారి ఆ కంచె దగ్గర వీరబాబు పేరు మోగింది.

కళావతి కళ్లు అతని మీదే ఉన్నాయి. వీరబాబు రమణ వైపు తిరిగాడు.

"నాకు ముందే తెల్సురా. బ్రేకు పోతున్నదని తెల్సే నీకు జెప్పలే. నువ్వు కంకరల పడాలనుకున్న. నువ్వంటే కుళ్లురా నాకు."

రమణ బావ మొహంలోకి ఒకసారి చూశాడు. తర్వాత కడుపు పట్టుకుని నవ్వాడు. "సూడుండ్రి, కప్పు చేతిల వెట్టినా మా బావ ఎకసెక్కాలు పోలే!"

బావాబామ్మర్దుల సరసాలకు హద్దెక్కడుంది? జనం విరగబడి నవ్వారు. "నిజంగనేరా" అన్నాడు వీరబాబు. ఇంకా నవ్వారు. రమణ అతన్ని అమాంతం భుజాల మీదికి ఎత్తుకున్నాడు. అంత ఎత్తు నుంచి చూస్తే అందరూ కనిపిస్తున్నారు. నవ్వనిది కళావతి ఒక్కతే.